మీకు తెలుసా? లారీ టర్బో వేగం నిమిషానికి లక్ష చుట్లు!

భారీ లారీ డీజిల్ ఇంజను నిమిషానికి సుమారు 2,000 చుట్లు తిరిగితే, దాన్ని అంటిపెట్టుకుని, అందులోకి గాలిని నెట్టే టర్బో 1,00,000 చుట్ల దాకా తిరుగుతుంది!

● టర్బోను తిప్పేది సైలెన్సర్‌కు పోయే పొగే. నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ పొగ వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు.

● టర్బో ఇరుసును కాపాడేది పలుచని ఇంజనాయిల్ పొర. ఇంజను ఆపగానే ఆయిల్ పంపు ఆగుతుంది, టర్బో మాత్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. టర్బో వేడికి అందులో మిగిలిన ఆయిల్ మాడి, నల్లగా గడ్డకట్టి బేరింగులను అరగదీస్తుంది.

● మిర్చి బస్తాలతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరినా, మట్టెవాడలో ఇంటి దగ్గర ఆపినా, డ్రైవరన్నలూ, రెండు మూడు నిమిషాలు ఇంజనును స్లోలో నడవనిచ్చాకే ఆపండి. పొద్దున స్టార్ట్ చేయగానే, టర్బోకు ఆయిల్ అందకముందే రేజ్ చేయకండి.