నీటి అడుగు వృత్తాంతం

పాఠ్యభాగ ఉద్దేశం

నీటి అడుగున మునిగి పనిచేసేవారి అనుభవాలు అక్షరబద్ధం కావలసిన ఆవశ్యకతను, ఆ రచనకు కావలసిన శాస్త్రజ్ఞానాన్ని, పాటించవలసిన నియమాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదతో ఉద్ధృతంగా ప్రవహిస్తున్నది. ఆనాడు పాపికొండల విహారానికి బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ అనే పర్యాటకుల పడవ, అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలంలోని కచ్చులూరు వద్ద బోల్తాపడి మునిగిపోయింది. పడవలో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. సమీప గ్రామాలలోని గిరిజనులు తమ పడవలతో ఎదురేగి వారిని ఒడ్డుకు చేర్చారు. మిగిలినవారి కోసం గాలింపు మొదలైంది. ఆచూకీ తెలియని వారి బంధువులు కడచూపు కోసం రోజుల తరబడి ఎదురుచూశారు.

కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పడవను వెలికితీసే బాధ్యతను స్వీకరించింది. లంగర్లు వేసి, ఉక్కు తాళ్ళు బిగించి లాగినా మొదట ఫలితం దక్కలేదు. వరద పెరగడంతో పని కొంతకాలం ఆగింది. తరువాత విశాఖపట్నం నుండి వచ్చిన గజ ఈతగాళ్ళు శ్వాస సాధనాలు ధరించి నీటి అడుగుకు దిగి, పడవకు తాళ్ళు కట్టారు. చివరకు అక్టోబరు 22వ తేదీన, అంటే ప్రమాదం జరిగిన 38వ రోజున, పడవ ఒడ్డుకు చేరింది.

ఒడ్డున నిలిచినవారు తాడు బిగుసుకోవడం చూశారు. పడవ పైకి రావడం చూశారు. పత్రికలు ఆ దృశ్యాన్నే వర్ణించాయి. అయితే ఆ తాడు ముడిపడిన చోటు ఎలా ఉన్నది? అక్కడ ప్రవాహం ఎంత బలంగా ఉన్నది? చేతికి తగిలినది పడవలోని ఏ భాగమని ఎలా గుర్తించాలి? ఈ సంగతులను నీటిలో దిగినవాడే చెప్పగలడు. అతడు చెప్పకపోతే ఆ జ్ఞానం అతనితోనే నిలిచిపోతుంది. మరొక నదిలో మరొక పడవ మునిగిననాడు దిగబోయేవాడు అంతా మొదటి నుండి నేర్చుకోవలసి వస్తుంది. అందుచేత నీటిలో మునగడం ఎంత విద్యో, మునిగి చూసినదానిని రాయడం కూడా అంత విద్యే.

నీటిలోకి వెంట గాలిని తీసుకొనిపోయి, దానిని పీలుస్తూ సంచరించే విధానాన్ని స్కూబా డైవింగ్ అంటారు. ఫ్రాన్స్ దేశపు నౌకాదళాధికారి జాక్ కుస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి 1943లో దీనికి అనువైన సాధనాన్ని రూపొందించారు. సిలిండర్‌లో అధిక పీడనంతో నింపిన గాలిని, మునిగినవాడు ఉన్న లోతుకు తగిన పీడనంతో నోటికి అందించడం ఆ సాధనం ప్రత్యేకత. కుస్తో సాధనాన్ని కనిపెట్టడంతోనే ఆగిపోలేదు. తాను చూసిన లోకాన్ని గురించి 1952లో అమెరికాలోని ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికకు వ్యాసం రాశాడు. మరుసటి ఏడాది ‘ది సైలెంట్ వరల్డ్’ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. సముద్రంలో ఎన్నడూ మునగని లక్షలాది జనానికి సముద్రగర్భం పట్ల ఆసక్తి కలిగించినది ఆ రచనలూ, అదే పేరుతో 1956లో వచ్చిన చలనచిత్రమూ.

నాటి నుండి నేటి వరకు డైవర్ల కోసం వెలువడే పత్రికలు తమ సొంత రచయితలపైనే ఆధారపడవు. ఒకరు ఓడ శిథిలాలను చూసి ఉంటారు. ఇంకొకరు వరద నదిలో పనిచేసి ఉంటారు. వేరొకరు పగడపు దిబ్బలను ఏళ్ళ తరబడి గమనించి ఉంటారు. అటువంటివారు అతిథి రచయితలుగా వ్యాసాలు పంపుతారు. వారిలో అనేకులు వృత్తి రచయితలు కారు. చూసినది చెప్పాలనే తపన, చెప్పినది నిజమై ఉండాలనే నిష్ఠ వారికి ఉంటే చాలు. కాని నీటి అడుగున నిజాన్ని పట్టుకోవడం నేలపై ఉన్నంత సులభం కాదు.

ముందుగా చూపు సంగతి. నీటిలో కాంతి కిరణాలు వంగే తీరు వలన, కంటి అద్దం గుండా చూసినప్పుడు వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, సుమారు మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. మూడడుగుల చేప నాలుగడుగుల చేపగా తోస్తుంది. లోతుకు పోయిన కొద్దీ రంగులు మాయమవుతాయి. మొదట కనుమరుగయ్యేది ఎరుపు. లోతు నీటిలో చేతికి గాయమైతే నెత్తురు ఆకుపచ్చగా కనిపించవచ్చు. ఇక వినికిడి. ధ్వని గాలిలో కంటే నీటిలో నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది. కాబట్టి అది ఏ దిక్కు నుండి వచ్చినదో చెవి పోల్చుకోలేదు. ఒండ్రుతో నిండిన వరద గోదావరిలో అయితే కన్ను దాదాపు పనిచేయదు. అక్కడ చేతిస్పర్శే చూపు.

జ్ఞాపకాన్ని కూడా పూర్తిగా నమ్మరాదు. సుమారు 30 మీటర్ల లోతు దాటిన తరువాత గాలిలోని నత్రజని ప్రభావం వలన మత్తు వంటి స్థితి కలుగుతుంది. విచక్షణ తగ్గుతుంది. పైకి వచ్చిన తరువాత కొన్ని సంగతులు గుర్తుండవు. అందుకే అనుభవజ్ఞులు చిన్న పలకను, పెన్సిలును వెంట తీసుకొనిపోయి లోతును, సమయాన్ని, చూసిన వాటిని నీటి అడుగుననే రాసుకుంటారు. ఒడ్డుకు రాగానే వాటిని లాగ్ పుస్తకంలోకి ఎక్కిస్తారు. మంచి వ్యాసం ఆ పలక మీదనే మొదలవుతుంది.

అంకెలకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? ప్రతి పది మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 30 మీటర్ల లోతున మనిషి మీద నాలుగు రెట్ల పీడనం ఉంటుంది. ఒడ్డున గంటసేపు వచ్చే గాలి అక్కడ పావుగంటకే అయిపోతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగపడితే, పీడనం తగ్గిన కొద్దీ లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉన్నది. ఎక్కువసేపు లోతున ఉన్నవాడు వేగంగా పైకి వస్తే, రక్తంలో కరిగిన నత్రజని బుడగలుగా మారి కీళ్ళను, నాడులను దెబ్బతీస్తుంది. ఎంత లోతుకు ఎంతసేపు ఉండి, ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో తెలిపే పట్టికలను జె.ఎస్. హాల్డేన్, ఆయన సహచరులు 1908లో ప్రకటించారు. వ్యాసంలో ‘చాలా లోతు’, ‘కొంతసేపు’ వంటి మాటలు శోభకు పనికిరావచ్చు గాని, చదివి దిగేవాడికి పనికిరావు. పైగా 18 మీటర్లను 30 అని గొప్పకు రాస్తే, ఆ మాట నమ్మినవాడి ప్రాణం మీదకు వస్తుంది.

ఈ విధమైన రచన మన భాషకు కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేస్తూ, తాను చూసిన వాటిని ఎప్పటికప్పుడు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపాడు. శ్రీనివాస పిళ్ళె 1838లో దానిని ‘కాశీయాత్ర చరిత్ర’గా ప్రకటించాడు. మజిలీలు, దారులు, వసతులు, జనుల ఆచారాలు అందులో వివరంగా ఉన్నాయి. తన తరువాత ఆ దారిన పోయేవాడిని మనసులో పెట్టుకొని రాసినందువల్లనే అది యాత్రికునికి ఉపకరించింది. నీటి దారిన పోయినవాడు రాయవలసినది కూడా ఇదే పద్ధతిలో.

అతిథి రచయిత పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. పత్రిక పాత సంచికలు చదివి, దాని పాఠకులు కొత్తగా నేర్చుకొనేవారో, ఆరితేరినవారో ముందుగా తెలుసుకోవాలి. విషయాన్ని నాలుగు వాక్యాలలో సంపాదకునికి రాసి సమ్మతి పొందాలి. తాను చూసినదానిని, ఇతరులు చెప్పినదానిని వేరువేరుగా చూపాలి. తోటి డైవరు ఛాయాచిత్రం వాడితే అతని అనుమతి తీసుకోవాలి. సున్నితమైన పగడపు దిబ్బల ఉనికిని, శిథిలాలలోని వస్తువుల వివరాలను బయటపెడితే వాటికి హాని కలుగుతుందేమో ఆలోచించాలి. ప్రాణనష్టం జరిగిన చోటును గురించి రాసేటప్పుడు, మృతుల బంధువులు కూడా ఆ వ్యాసాన్ని చదువుతారని మరువరాదు. వారిని నొప్పించే వర్ణన ఎంత నిజమైనా అనవసరం. అన్నిటికంటే ముఖ్యమైనది, తన పొరపాటును దాచకుండా చెప్పడం. విజయం చదివి సంతోషిస్తాము. పొరపాటు చదివి జాగ్రత్త పడతాము.

నేడు మన తీరంలో ఈ విద్యకు అవకాశాలు పెరుగుతున్నాయి. విశాఖపట్నం సమీపంలోని రుషికొండ వద్ద స్కూబా శిక్షణ లభిస్తున్నది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన ‘ఐ.ఎన్.ఎస్. నిస్తార్’ అనే డైవింగ్ సహాయక నౌక 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. నిస్తారమంటే తరింపజేయడం, గట్టెక్కించడం. ఆపదలో ఉన్న జలాంతర్గామి సిబ్బందిని రక్షించడానికి తోడ్పడే నౌకకు ఆ పేరు సార్థకమైనది.

నది ఒడ్డున పుట్టిన మనకు నీరు పరిచితమే. ఈత వచ్చినవారు, వల వేసేవారు, పడవ నడిపేవారు, సుడి ఎక్కడ తిరుగుతుందో నీటి రంగును బట్టి పసిగట్టేవారు గోదావరి తీరంలో ఎందరో ఉన్నారు. వారిలో రాయగలిగినవారు తక్కువ. రాయడం వచ్చిన విద్యార్థులు వారి దగ్గర కూర్చొని, వారు చెప్పినది చెప్పినట్లుగా నమోదు చేసినా మేలైన సేవే అవుతుంది. కచ్చులూరు వద్ద పడవను పైకి తెచ్చినది ఉక్కు తాడు. ఆ తాడును ఎక్కడ, ఎలా కట్టాలో తెలిసిన జ్ఞానాన్ని ఒక తరం నుండి మరొక తరానికి చేర్చగలిగినది అక్షరం.

అర్థాలు

ఉద్ధృతి = తీవ్రత, ఉధృతం
ఆచూకీ = జాడ
ఒండ్రు = వరద నీటితో కొట్టుకొనివచ్చే మెత్తని మట్టి
విచక్షణ = మంచి చెడులను ఎంచి చూసే శక్తి
వ్యాకోచించు = విస్తరించు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
సార్థకం = అర్థానికి తగినది

ప్రశ్నలు

1. నీటిలో మునిగినవాడు తన అనుభవాన్ని ఎందుకు రాయాలో కచ్చులూరు ఘటన ఆధారంగా వివరించండి.
2. నీటి అడుగున చూపు, వినికిడి, జ్ఞాపకం ఏ విధంగా మోసపుచ్చుతాయి?
3. లోతును, సమయాన్ని కచ్చితంగా రాయకపోతే కలిగే అనర్థం ఏమిటి?
4. ‘కాశీయాత్ర చరిత్ర’కు, డైవర్ల రచనలకు గల పోలికను తెలపండి.
5. మీ ఊరిలోని ఒక జాలరిని గాని, పడవ నడిపేవారిని గాని కలిసి, వారి అనుభవాన్ని ఒక పుటలో రాయండి.