తుపాను ముందటి తెరపి



మన శ్రీకాకుళతీరమునకు ఆశ్వయుజ కార్తికమాసములు తుపానుల కాలము. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడును అక్టోబరు రెండవ వారముననే తీరము దాటినవి. అట్టి దినములలో “వాన రాకముందే బండిమీద ఒక్క పరుగున పోయివచ్చెద”నని బయలుదేరువారు ప్రతియూరను గలరు. ఆ పరుగు ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు అను సంగతి మనవి చేసెదను.

2018 అక్టోబరు 9వ తేది యుదయమున వాయుగుండము బలపడుచున్నదని రేడియోలో వింటిని. మా అక్కయ్య కళింగపట్నమున సముద్రమునకు దాపున ఒంటరిగా నుండెను. మోటారు సైకిలుపై శ్రీకాకుళమునుండి గంటలోపు దారి. నేను చేరునప్పటికి అక్కడ ఎండ కాయుచుండెను. వంశధార మొగయొద్ద అలలు మాత్రము పొడవై, నిదానముగా, ఒకదానివెంట నొకటి వచ్చుచుండెను. నడిసముద్రమున పుట్టిన తుపాను అలలు తుపానుకంటె వడిగా నడచి ముందే తీరము చేరును.

“అమావాస్యనాడు ప్రయాణమేమిరా? రేపు కలశస్థాపనము. ఆకాశమున మబ్బైనను లేదే!” యని అక్కయ్య యనెను.

“ఆపదకు తిథి లేదక్కయ్యా. కలశమును మాయింట నుంచుకొందువు గాని, రమ్ము” అంటిని. ఆమె కలశపు చెంబును ఒడిలో నుంచుకొని నా వెనుక కూర్చుండెను. మధ్యాహ్నమునకు ఇల్లు చేరితిమి.

మరునాటి సాయంకాలము ఆమె కళ్లజోడు మరచితి ననెను. తెచ్చెదనని మరల బండి తీసితిని. పట్టణపు పొలిమేర దాటగనే ఒక విసురుగాలి బండిని బాటయంచునకు నెట్టెను. తెప్పరిల్లి వెనుకకు మరలితిని.

దీనికి కారణము వినుడు. గాలివేగము రెండింతలైనచో దాని తాకిడి నాలుగింతలగును. వేగము నాలుగింతలైనచో తాకిడి పదునారింతలు. గంటకు 62 కిలోమీటర్లు మొదలుకొని వీచు గాలిని తుపానందురు. రెండుచక్రముల బండి తన నడకచేతను, నడపువాని తూకముచేతను నిలుచునదే గాని, నాలుగుకాళ్లపై నిలుచునది కాదు. ప్రక్కగాలి దానికి శత్రువు. నదివంతెనపైనను గట్టుబాటపైనను ఆ గాలికి అడ్డేమియు నుండదు.

11వ తేది తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల గాలితో తీరము దాటెను. ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలగూలెను. అక్కయ్య యింటి పెంకులు సగము లేచిపోయెను.

వాతావరణశాఖవారు తుపాను హెచ్చరికను 48 గంటలకు, మలి హెచ్చరికను 24 గంటలకు ముందుగా నిచ్చెదరు. వెళ్లవలసిన పని యున్నచో ఆ రెంటి నడుమనే ముగింపవలెను. మలి హెచ్చరిక విన్నపిమ్మట బండి తీయరాదు. ఇంకొక మాట. తుపాను కన్ను మీదుగా పోవునప్పుడు గాలి ఒక్కమారుగా నిలుచును. అది తెరపి కాదు. కొంతసేపటికే గాలి ఎదురుదిక్కునుండి విరుచుకొనిపడును.

గ్రామపెద్దలారా, మీ యింటి పడుచువాడు బండితాళము పుచ్చుకొన్నప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: ఏ హెచ్చరిక వచ్చినది? ఎన్నిగంటలకు తిరిగివత్తువు? దారిలో ఏ వంతెన, ఏ గెడ్డ దాటవలెను? మూడింటికిని సరియైన ప్రత్యుత్తరము రానిచో తాళము మీయొద్దనే యుంచుకొనుడు.

అక్కయ్య కళ్లజోడు, తుపాను పోయిన నాలుగవనాడు వెళ్లి చూడగా, గూటిలో నుంచినచోటనే యుండెను.

సెలవు.