లెక్కలో మనం ఉన్నామా?

పొలంలో కలుపు తీస్తుంటే నెత్తి మీదుగా విమానం పోతుంది. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు ఇది రోజూ చూసే ముచ్చటే. మొదట్లో పిల్లలు ఉరికివచ్చి చూసేవారు. ఇప్పుడు ఎవరూ తల కూడా ఎత్తరు.

ఆ విమానాలు దేశదేశాలకు పోతాయి. ఆ దేశాల్లో ఎంతమంది జనం ఉంటారు? ఎంతమందికి చదువు వచ్చు? ఏం పండిస్తారు? అక్కడికి పోకుండానే ఈ సంగతులు కొంత తెలుసుకోవచ్చు. ఎట్లా? అంకెల ద్వారా. బియ్యం బస్తా మీద బరువు, రకం రాసి ఉంటాయి కదా! అట్లాగే ప్రతి దేశానికీ ఒక లెక్కల పట్టిక ఉంటుంది.

అక్షరాలు నేర్చుకున్నాం. అంకెలు నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ పట్టికను చదవడం నేర్చుకుందాం. దూరంగా ఉన్న ఘానా దేశాన్ని, దగ్గరగా ఉన్న మన శంషాబాద్‌ను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మన ఊరి అంకెలు

శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఉంది. హైదరాబాద్ నుంచి బెంగుళూరు పోయే పెద్ద రోడ్డు మీద ఉంది. ఇక్కడి విమానాశ్రయానికి 2005 మార్చిలో పునాదిరాయి వేశారు. 2008 మార్చి 23 నుంచి విమానాలు తిరగడం మొదలైంది. అంతకు ముందు ప్రయాణికుల విమానాలు బేగంపేటలో దిగేవి.

విమానాశ్రయం భూమి సుమారు 5,500 ఎకరాలు. పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంటే నాలుగు కిలోమీటర్లు దాటి ఉంటుంది.

5,500 ఎకరాలు అంటే ఎంత? చదివితే ఒక్క మాటే. కానీ లెక్క వేసి చూడండి. ఒక కుటుంబానికి రెండు ఎకరాలు అనుకుంటే, అది 2,750 కుటుంబాల భూమి అవుతుంది. ఇది అంకె ఎంత పెద్దదో తెలియడానికి వేసిన లెక్క మాత్రమే. నిజంగా అక్కడ ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండవచ్చు. కొందరికి అసలే భూమి ఉండకపోవచ్చు. ఎకరాల లెక్కలో భూమి కనిపిస్తుంది. ఆ భూమి మీద కూలి చేసి బతికిన వాళ్లు కనిపించరు. మేకలు మేపుకున్న వాళ్లు కనిపించరు.

ఇది మొదటి పాఠం. అంకె నిజమే చెప్తుంది. కానీ అడిగిన దానికే జవాబు చెప్తుంది.

ఇంకొక అంకె చూద్దాం. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు శంషాబాద్ విమానాశ్రయంలో సుమారు 2 కోట్ల 50 లక్షల మంది ప్రయాణించారు. అంటే రోజుకు దాదాపు 68 వేల మంది. అబ్బో! తెలంగాణలో అంతమంది విమానం ఎక్కుతున్నారా?

కాదు. ఇందులో ఒక కిటుకు ఉంది. విమానం ఎక్కినవారినీ లెక్కపెడతారు. దిగినవారినీ లెక్కపెడతారు. ఒక మనిషి ఢిల్లీకి పోయి తిరిగి వస్తే ఇద్దరి కింద లెక్క. నెలకు నాలుగుసార్లు పోయి వచ్చేవాడు ఒక్కడే ఎనిమిది మంది అవుతాడు. అందుకని ఏ అంకె చదివినా ముందు ఒక మాట అడగాలి. దేన్ని లెక్కపెట్టారు? ఎట్లా లెక్కపెట్టారు?

ఘానా ఎక్కడుంది?

ఆఫ్రికా ఖండానికి పడమటి వైపు సముద్రం ఒడ్డున ఘానా ఉంది. దాని రాజధాని అక్రా. ఒకప్పుడు ఆ దేశం ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉండేది. అప్పుడు దాన్ని గోల్డ్ కోస్ట్ అనేవారు. అంటే బంగారు తీరం అని అర్థం. మనకు స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకు, 1957 మార్చి 6న వాళ్లకు వచ్చింది. క్వామే ఎన్‌క్రుమా వాళ్ల మొదటి నాయకుడు.

అక్కడా రైతులే ఎక్కువ కష్టపడతారు. మక్కలు పండిస్తారు. పల్లికాయ పండిస్తారు. కర్రపెండలం పండిస్తారు. కోకో తోటలు పెంచుతారు. మన పిల్లలు తినే చాక్లెట్ కోకో గింజలతోనే తయారవుతుంది. అక్కడి నేలలో బంగారం ఉంది. 2010 చివరి నుంచి సముద్రంలో నూనె కూడా తీస్తున్నారు.

ఇప్పుడు పట్టిక చదువుదాం. ఘానా పక్కన మన తెలంగాణను పెడదాం.

ఘానా విస్తీర్ణం: 2,38,533 చదరపు కిలోమీటర్లు.
తెలంగాణ విస్తీర్ణం: 1,12,077 చదరపు కిలోమీటర్లు.

ఘానా జనాభా: 2021 లెక్క ప్రకారం 3 కోట్ల 8 లక్షలు.
తెలంగాణ జనాభా: 2011 లెక్క ప్రకారం 3 కోట్ల 50 లక్షలు.

ఏం అర్థమైంది? ఘానా మనకంటే రెండింతల పెద్దది. జనం మాత్రం మనకంటే తక్కువ. ఒక చదరపు కిలోమీటరు అంటే పొడవు ఒక కిలోమీటరు, వెడల్పు ఒక కిలోమీటరు ఉన్న చోటు. అంత చోటులో ఘానాలో 129 మంది ఉంటారు. తెలంగాణలో 312 మంది ఉంటారు. దీన్ని జనసాంద్రత అంటారు.

కానీ ఇక్కడ కూడా జాగ్రత్త. ఘానా లెక్క 2021 నాటిది. మన లెక్క 2011 నాటిది. పోయిన ఏడు తూకం వేసిన మేకను, ఈ ఏడు తూకం వేసిన మేకతో పోల్చినట్టు ఉంటుంది. పోల్చవచ్చు. కానీ ఏ ఏటి తూకమో చెప్పి పోల్చాలి.

ఘానాలో 1960లో 67 లక్షల మందే ఉన్నారు. 2021కి 3 కోట్లు దాటారు. అరవై ఏళ్లలో నాలుగున్నర రెట్లు పెరిగారు. అన్ని బడులు కావాలి. అన్ని దవాఖానాలు కావాలి. అన్ని మంచినీళ్లు కావాలి. లెక్క తెలియకపోతే ఎన్ని కావాలో ఎట్లా తెలుస్తుంది?

నూటికి ఎంతమంది?

చదువు లెక్కను నూటికి ఇంత అని చెప్తారు. దీన్నే శాతం అంటారు. ఘానాలో 2021లో ఆరేళ్లు దాటిన వాళ్లలో నూటికి దాదాపు 70 మందికి చదవడం, రాయడం వచ్చు. తెలంగాణలో 2011లో ఏడేళ్లు, ఆపైన వయసు వాళ్లలో నూటికి 66 లేక 67 మందికి వచ్చు.

ఇప్పుడు తెలంగాణ అంకెను రెండుగా విడదీద్దాం. మగవాళ్లలో నూటికి 75 మందికి చదువు వచ్చు. ఆడవాళ్లలో నూటికి 58 మందికే వచ్చు. ఒక్క అంకెగా ఉన్నప్పుడు ఈ తేడా కనిపించలేదు. విడదీస్తేనే కనిపించింది. అంటే 2011లో నూరుగురు ఆడవాళ్లు ఉంటే 42 మంది అక్షరాలకు దూరంగానే ఉన్నారు.

ఇంకా వెనక్కి పోతే 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో నూటికి 33 మందికే చదువు వచ్చు. ఆ సంఖ్య పెరిగిందంటే ఊరికే పెరగలేదు. పగలు కూలికి పోయి, రాత్రి దీపం ముందు పలక పట్టిన అమ్మలు, అక్కలు కూడా ఆ అంకెను పైకి జరిపారు.

సగటు చేసే మాయ

తెలంగాణ జిల్లాల్లో తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా అందరికంటే ముందు ఉంది. ప్రభుత్వ లెక్కలే ఈ సంగతి చెప్తున్నాయి. తలసరి అంటే ఒక్కో తలకు ఇంత అని. జిల్లా మొత్తం ఆదాయాన్ని జనం సంఖ్యతో భాగిస్తారు. చంటిపిల్లలను, ముసలివాళ్లను కూడా కలుపుతారు.

ఈ మాట వింటే శంషాబాద్ కూలి అక్క ఏమంటుంది? "మరి నా వంతు పైసలు ఏవి?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న సరైనదే.

ఒక లెక్క చూడండి. ఒక చెట్టు కింద ఐదుగురు కూర్చున్నారు. నలుగురు కూలీలు. ఒక్కొక్కరికి రోజుకు 400 రూపాయలు. ఐదో మనిషికి రోజుకు 8,400 రూపాయలు. అందరిదీ కలిపితే 10,000. ఐదుగురికి పంచితే సగటు 2,000. కాగితం మీద ప్రతి ఒక్కరికీ రోజుకు రెండు వేలు! కానీ నలుగురి కొంగులో ఉన్నది నాలుగు వందలే.

రంగారెడ్డి జిల్లాలో పెద్ద పెద్ద కంపెనీలు ఉన్నాయి. విమానాశ్రయం ఉంది. వాటి ఆదాయం కూడా జిల్లా లెక్కలో కలుస్తుంది. కల్లంలో కూలి, హోటల్లో గిన్నెలు కడిగే కూలి కూడా అందులోనే కలుస్తాయి. సగటు అబద్ధం కాదు. కానీ ఎవరి దగ్గర ఎంత ఉందో సగటు చెప్పదు.

ఘానాలో ఇంకా వింత జరిగింది. 2010 నవంబరులో అక్కడి లెక్కల శాఖ దేశ ఆదాయాన్ని కొత్త పద్ధతిలో లెక్కగట్టింది. అంతకు ముందు 1993 నాటి కొలతతో లెక్క వేసేవారు. ఆ తర్వాత వచ్చిన కొత్త వ్యాపారాలు, కొత్త పనులు ఆ పాత కొలతలో సరిగ్గా పడలేదు. కొత్త కొలతతో చూస్తే దేశ ఆదాయం నూటికి 60 వంతులు ఎక్కువని తేలింది. బీద దేశాల వరస నుంచి పై వరసకు చేరింది. కానీ ఆ పొద్దున ఎవరి కుండలోనూ గింజ పెరగలేదు. ఘానాలో దక్షిణం వైపు కంటే ఉత్తరం వైపు బీదరికం ఎక్కువ. ఆ తేడా అట్లాగే ఉంది.

లెక్క పాతబడితే ఏమవుతుంది?

మన దేశంలో పదేళ్లకు ఒకసారి జనాన్ని లెక్కపెడతారు. 1881 నుంచి 2011 వరకు ఇది తప్పలేదు. 2021లో జరగవలసిన లెక్క కరోనా వల్ల ఆగిపోయింది.

ఒక్కసారి శంషాబాద్ సంగతి ఆలోచించండి. విమానాశ్రయం 2008లో వచ్చింది. జనాభా లెక్క 2011లో జరిగింది. ఆ తర్వాత ఎన్ని ఇళ్లు లేచాయి! ఎన్ని ఊళ్ల నుంచి, ఎన్ని రాష్ట్రాల నుంచి పనికి వచ్చారు! వాళ్లెవరూ 2011 నాటి శంషాబాద్ లెక్కలో లేరు.

దీనివల్ల నష్టం ఏమిటి? 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. పల్లెల్లో నూటికి 75 మంది వరకు, పట్టణాల్లో నూటికి 50 మంది వరకు చౌక బియ్యం ఇవ్వాలని ఆ చట్టం చెప్తుంది. ఏ రాష్ట్రంలో ఎంతమందికి అనేది 2011 జనాభాను బట్టి తేల్చారు. రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చుతో ఇంకొందరికి ఇవ్వవచ్చు. అది వేరు. కానీ జనం పెరిగినా పాత లెక్క మీదే పంపకం జరిగితే ఎవరో ఒకరి సంచి ఖాళీగా ఉంటుంది.

అసెంబ్లీలో దళితులకు, గిరిజనులకు ఎన్ని సీట్లు ఉండాలో కూడా జనాభాను బట్టే నిర్ణయిస్తారు. లెక్కలో లేనివాళ్లు పంపకంలోనూ ఉండరు.

2014 ఆగస్టు 19 గుర్తుందా? ఆ రోజు తెలంగాణ అంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. లెక్కలో ఉండాలని పట్నం నుంచి, బొంబాయి నుంచి బస్సులు నిండా జనం ఊళ్లకు వచ్చారు. లెక్క విలువ వాళ్లకు తెలిసింది.

లెక్కపెట్టేవాళ్లు మన ఇంటికి వస్తే

తర్వాతి జనాభా లెక్కకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. ఇప్పుడైనా, ఇంకెప్పుడైనా లెక్కపెట్టేవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో ఉన్న అందరి పేర్లూ చెప్పాలి. నిన్న మొన్న పుట్టిన పసిబిడ్డను మరవద్దు. మూలన మంచం మీద ఉన్న అవ్వను మరవద్దు. ఇల్లు లేనివాళ్లకూ లెక్క ఉంది. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి, రోడ్ల పక్కన, రైలు స్టేషన్లలో పడుకున్నవాళ్లను వెతికి లెక్కపెట్టారు.

మీరు చెప్పిన జవాబులు రహస్యంగా ఉంచాలి. 1948 నాటి జనగణన చట్టం ఈ మాట చెప్తుంది. భర్త పేరు నోటితో చెప్పే ఆచారం లేని ఆడవాళ్లను ఆ పేరు చెప్పమని బలవంతం చేయకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. "చదవడం, రాయడం వచ్చా?" అని అడుగుతారు. చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు మగవాళ్లే జవాబు చెప్తారు. "ఆమెకు ఏం రాదు, రాదని రాసుకోండి" అంటారు. అది పాత మాట. బడికి పోయి ఉండాలని, పరీక్ష పాసై ఉండాలని నియమం లేదు. ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవగలిగితే, రాయగలిగితే చాలు. వాళ్లు అక్షరాస్యులే.

ఈ పాఠం ఇంతవరకు చదివిన అమ్మా, అక్కా, అన్నా! ఆ రోజు మీరే వాకిట్లోకి రండి. మీ నోటితోనే చెప్పండి: "నాకు చదువు వచ్చు. రాసుకోండి."

ఎప్పుడో ఒక రోజు తెలంగాణ పట్టికలో ఆ అంకె మారుతుంది. ఘానాలో ఎవరో ఆ పట్టికను చదువుతారు. వాళ్లకు మీ పేరు తెలియదు. కానీ ఆ అంకెలో మీరు ఉంటారు.

ఆలోచించండి, రాయండి

1. మీ వాడలో ఎన్ని ఇళ్లు ఉన్నాయి? ఎంతమంది ఉన్నారు? లెక్కపెట్టి రాయండి.
2. ఆడవాళ్లు ఎంతమంది? వాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఎంతమంది? నూటికి ఎంత అవుతుంది?
3. 2011 తర్వాత మీ వాడకు కొత్తగా వచ్చిన కుటుంబాలు ఎన్ని? వాళ్లకు రేషన్ కార్డు ఉందా?
4. మీ వాడ లెక్కను ఒక పెద్ద కాగితం మీద రాసి, చదువు కేంద్రం గోడకు అంటించండి. పైన తేదీ వేయడం మరవకండి.