కళ్ళు పచ్చబడితే అన్నీ కామెర్లేనా?

పిల్లల కళ్ళు కాస్త పచ్చబడితే చాలు, మన ఇళ్ళల్లో ముందు వినిపించే మాట "కామెర్లు". ఆ వెంటనే పసరు మందు ఎక్కడ పోస్తారోనని వాకబు మొదలవుతుంది. ఉప్పూ, కారం, నూనె మాన్పించి పత్యం పెట్టేస్తాం. కొన్ని చోట్ల చేతి మీద వాత కూడా పెట్టిస్తారు. అయితే ఆ బిడ్డకు సికిల్ సెల్ జబ్బు వుంటే ఈ హడావుడిలో పోయే ఒకటి రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

ఎక్కడో ఎవరికో వచ్చే జబ్బులే అనుకోకండి. పాడేరు, అరకు, భద్రాచలం, ఉట్నూరు వైపు గిరిజన కుటుంబాల్లో ఇది ఎక్కువ. ఇతరుల్లోనూ లేకపోలేదు.

ఏమిటీ సికిల్ సెల్?

సికిల్ అంటే కొడవలి. మన రక్తంలోని ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా వుంటాయి. ఈ జబ్బులో అవి కొడవలిలా వంగి, గట్టిపడి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. తరచూ వచ్చే ఎముకల నొప్పులకు కారణం అదే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే, ఇవి 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతాయి.

ఇది అంటువ్యాధి కాదు. తల్లి నుంచీ, తండ్రి నుంచీ కూడా ఆ లక్షణం వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. పైకి ఆరోగ్యంగా వున్నా ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి వుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25 వంతులు. కాబట్టి కోడలిని ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం.

లివర్‌కి వచ్చే చిక్కులు

చితికిన ఎర్రకణాల నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. దాన్ని పైత్యరసంలో కలిపి బయటికి పంపేది లివరే. కణాలు అస్తమానం చితుకుతుంటే పసుపు మిగిలిపోతుంది. అందుకే ఈ పిల్లల కళ్ళల్లో లేత పసుపు ఎప్పుడూ కనిపిస్తుంటుంది. అది చూసి ప్రతిసారీ పసరు పోయించడం ఒక పొరపాటు. కొన్ని ఆకుపసర్లు లివర్‌నే దెబ్బతీస్తాయి. "వీడికెప్పుడూ ఇంతేలే" అని అసలు పట్టించుకోకపోవడం రెండో పొరపాటు.

ఎందుకంటే మిగిలిన పసుపు పిత్తాశయంలో రాళ్ళు కడుతుంది, చిన్నపిల్లల్లో కూడా. వంగిన కణాలు లివర్‌లోనే ఇరుక్కుంటే అది వాచి నొప్పి పెడుతుంది. ఒక్కోసారి రక్తమంతా అక్కడే నిలిచిపోయి ఒంట్లో రక్తం గభాలున పడిపోతుంది. ఇక పదే పదే రక్తం ఎక్కించుకునేవారికి ఇనుము లివర్‌లో పేరుకుంటుంది. దాన్ని తీసెయ్యడానికి మందులున్నాయి, డాక్టరునడగండి. హెపటైటిస్-బి టీకా మాత్రం తప్పనిసరి.

ఆలస్యం చెయ్యకూడని గుర్తులు

* రోజూ వుండే పసుపు ఒక్కసారిగా ముదరడం
* కుడిడొక్కలో నొప్పి, దాంతోపాటు జ్వరం
* పొట్ట వున్నట్టుండి ఉబ్బడం, బిడ్డ పాలిపోయి నీరసించడం
* మూత్రం ముదురు రంగులో, విరేచనం సున్నంలా తెల్లగా అవడం
* మగతగా పడివుండటం, మాట తడబడటం, ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం కారడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. సికిల్ సెల్ సంగతి మొదటే చెప్పండి.

మీ వంటింట్లో

నీళ్ళు, మజ్జిగ, గంజి తరచుగా పట్టించండి. ఒంట్లో నీరు తగ్గితే కణాలు ఇంకా వంగిపోతాయి. ఆకుకూరలు, పప్పు, గుడ్డు పెట్టండి. కఠిన పత్యం వద్దు. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా మందులు మానకండి. రక్తం తక్కువగా వుందని ఐరన్ టానిక్కు మీరే కొని తాగించకండి, పరీక్ష చేసి డాక్టరు చెబితేనే.

ఆశా ఇంటికొస్తే...

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళలోపు వారు 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చెయ్యాలని లక్ష్యం పెట్టుకున్నారు. మంచిదే. కానీ పరీక్ష చేసి కార్డు చేతికిస్తే పని అయిపోయినట్టు కాదు. ఆ తర్వాత బిడ్డను కనిపెట్టుకుని వుండేది ఎవరు?

మన ఏజెన్సీకి దగ్గర్లోనే వున్న మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, పురిటిబిడ్డల్ని ఇంటికెళ్ళి చూసే ఏర్పాటు చేశారు. ఆ ఊళ్ళల్లో పసికందుల మరణాలు సగానికి పైగా తగ్గినట్టు 1999లో లోకానికి చూపించారు. ఈనాడు ఆశాలు బాలింత ఇంటికి వచ్చి బిడ్డను చూస్తున్నారంటే దాని వెనక ఆ అనుభవం వుంది.

సికిల్ సెల్ బిడ్డకూ అలాంటి చూపే కావాలి. నెలకోసారి ఆశా వచ్చి కళ్ళు చూడాలి, పొట్ట తడిమి చూడాలి, మాత్రలు లెక్కపెట్టాలి, పైన చెప్పిన గుర్తులు తల్లికి గుర్తుచెయ్యాలి. అందుకు ఆమెకు లివర్ చిక్కుల గురించి శిక్షణ ఇవ్వాలి. పై గుర్తులు బొమ్మలతో వున్న కార్డు, రాత్రిపూట ఫోను చేస్తే పలికే డాక్టరు, ఆ తిరుగుడుకు తగ్గ పారితోషికం కూడా వుండాలి. ఆరోగ్యకేంద్రంలో మందులు అయిపోకుండా చూడటం అధికారుల పని.

ఈసారి మీ వీధికి ఆశా వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "మన ఊళ్ళో సికిల్ సెల్ పరీక్ష ఎప్పుడు చేస్తారమ్మా?" అని అడగండి. ఇంట్లో పెళ్ళీడు పిల్లలుంటే సంబంధాలు చూడకముందే ఆ పరీక్ష చేయించండి.