పెన్నమ్మ వెంట సముద్రం దాకా

మీలో ఎంతమంది సముద్రం చూశారో గానీ, మా అత్తగారు అరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా చూడలేదు. నేను మాత్రం చూశానా ఏమిటి! పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో తిరుపతి నాలుగుసార్లు, కాణిపాకం ఒకసారి, అంతే. మాది కడప జిల్లా చాపాడు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో ఉంటుంది. కె.సి. కాలువ కింద వరి పండించే ఇల్లు. మామగారు ఉన్నన్నాళ్లూ "ఈసారి కోతలైనాక పోదాంలే" అనేవారు. కోతలయ్యేవి, అప్పులు కట్టడమయ్యేది, సముద్రం మాత్రం అట్లాగే ఉండిపోయేది. ఆయన పోయి ఆరేళ్లయింది.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా ప్రయాణం వచ్చింది కదా. ఆ మాట టీవీలో విన్న రోజే మా అత్త "ఇంగ చార్జీల కోసం నా కొడుకును అడిగే పనిల్యా" అంది. అడగాల్సింది డబ్బు కాదు, మోకాళ్లను. ఈ ఏడు నడుస్తున్నాయి, వచ్చే ఏటి సంగతి ఎవరు చెప్పొచ్చారు? సంక్రాంతి దాటగానే ప్రయాణం కట్టేశాను. మావారు "నీకేమన్నా తిక్కా? దారిలో ఏమన్నా అయితే నీదే పూచీ" అన్నారు. సరేనన్నాను. అన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

మైదుకూరులో నెల్లూరు బస్సెక్కాము. ఇద్దరివీ ఆధార్ కార్డులు చూసి కండక్టరు జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. అత్త ఆ టికెట్టును పసుపు పూసిన శుభలేఖలాగా మడిచి సంచిలో పెట్టుకుంది. మీరు కూడా కార్డు చేతికందేలా పెట్టుకోండి. సూపర్ లగ్జరీ లాంటి బస్సులకు ఈ ఉచితం లేదు, బోర్డు చూసి ఎక్కండి. తిండికి చిత్రాన్నం, బొరుగులు, చెనిక్కాయల పొడి వేసుకున్నాము. పెరుగన్నం దూరప్రయాణానికి వద్దు, మధ్యాహ్నానికే పులుస్తుంది.

బద్వేలు, ఆత్మకూరు దాటి నెల్లూరు చేరేసరికి మధ్యాహ్నమయింది. మా పెద్దమ్మ కూతురు అక్కడే ఉంది కాబట్టి బసకు ఇబ్బంది లేదు. సాయంత్రం రంగనాయకుల గుడికి పోయినప్పుడు వెనక పారే ఏటిని చూపించి "అత్తా, ఇది మన పెన్నే" అన్నాను. నమ్మలేదు. "పెన్న అంటే ఇసుక గదా" అంది. నిజమే, ప్రొద్దుటూరులో ఏడాదిలో చాలా నెలలు మేము చూసేది ఇసుకే. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, గండికోట లోయలో దూరి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా వస్తుంది. మా ఊరి పక్క పారే కుందూ కూడా కమలాపురం దగ్గర అందులోనే కలుస్తుంది. ఆ నీళ్లే సోమశిల డ్యాములో నిలిచి, నెల్లూరు వరిపొలాలను తడిపి, మిగిలింది సముద్రంలో పడుతుంది. "అయితే మన గుడ్డలుతికిన నీళ్లే వీళ్లకొచ్చేది" అని మా అత్త ఒకటే నవ్వు.

ఆ రాత్రి మా అక్క బొమ్మిడాయిల పులుసు చేసింది. మట్టిచట్టిలో చింతపండు పులుసు బాగా మరిగాక చేపముక్కలు, పచ్చి మామిడికాయ ముక్కలు వేసింది. ఆ తర్వాత గరిట పెట్టనే లేదు, చట్టిని గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. గరిట పెడితే ముక్క చెదురుతుందట. రాత్రి ఒక రుచి, తెల్లారి ఇంకో రుచి! తెల్లారిందే బాగుందని నా ఓటు.

మరుసటి రోజు పాతిక కిలోమీటర్ల దూరంలోని మైపాడు పోయాము. సముద్రం కనబడగానే అత్త చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఎంతసేపటికీ కదల్లేదు. తర్వాత నా చేయి పట్టుకుని మోకాళ్ల లోతు దాకా వచ్చింది. ఒక అల వచ్చి నడుము దాకా తడిపేసరికి "మీ మామ ఉంటే..." అని ఆగిపోయింది. నేనేమీ మాట్లాడలేదు. మీరు పోతే పాత నూలు చీర కట్టుకోండి, కాళ్ల పట్టీలు తీసి పెట్టండి, గుంటలు ఎక్కడున్నాయో అక్కడి పల్లెకారులను అడిగి దిగండి.

అక్కడి నుంచి ఒంగోలు, చీరాల, బాపట్ల, రేపల్లె, ఒక బస్సు దిగి ఇంకో బస్సు. చీరాలలో రెండు నేతచీరలు కొన్నాము, అంతకు మించి చెప్పడానికేమీ లేదు. రేపల్లె దాటాక పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన ఉంది. అది దాటితే దివిసీమ.

ఇక్కడే నా తప్పు బయటపడింది. అవనిగడ్డలో దిగేసరికి అత్త కాళ్లు బూరెల్లా వాచాయి, తల తిరుగుతోందంది. సంచి వెతికితే బి.పి. మాత్రలు లేవు. నెల్లూరులో అక్క వాళ్ల ఫ్రిజ్ మీద పెట్టి మరిచాను. మందుల షాపాయన మాత్ర పేరు అడిగితే చెప్పలేక నిలబడ్డాను. "తెల్లగా, చిన్నగా ఉంటుంది" అన్నాను, సిగ్గుగా ఉంది ఇప్పుడు తలుచుకుంటే. ఇంటికి ఫోన్ చేస్తే మావారు ముందు అరిచి, తర్వాత బీరువాలో పాత అట్ట వెతికి ఫోటో తీసి పంపారు. అక్కడి డాక్టరు కూడా చూసి, అదే మాత్ర వేసి రాత్రికి పడుకోబెట్టమన్నారు. ప్రయాణానికి ముందు మందుల అట్టలన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పెద్దవాళ్లతో పోయేటప్పుడు చీరలు రెండు తగ్గినా ఫరవాలేదు.

మేము దిగిన లాడ్జి పక్కింటి ముసలమ్మ వేడినీళ్లు తెచ్చిచ్చి అత్త కాళ్లు బకెట్లో పెట్టించింది. మాటల్లో 1977 నవంబర్ 19 ఉప్పెన సంగతి వచ్చింది. అప్పుడు దివిసీమలో పదివేల మంది దాకా పోయారని మనం చదువుకున్నదే. ఆమె మాత్రం లెక్క చెప్పలేదు. "నీళ్లు తీశాక పొయ్యి ఎక్కడుండేదో వెతుక్కున్నామమ్మా" అంది. చాలాకాలం బావుల్లో ఉప్పునీళ్లే, పప్పు ఉడికేది కాదట. మా అత్త విని "మాకు నీళ్లు ల్యాక ఏడుపు" అంది. 2021లో అదే నవంబర్ 19న మా జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి ఊళ్లు కొట్టుకుపోయిన సంగతి నేను చెప్పాను. ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు.

రెండు రోజులు ఆగి, వాపు తగ్గాక హంసలదీవి పోయి వేణుగోపాలస్వామిని దర్శించుకున్నాము. కృష్ణ సముద్రంలో కలిసే చోటది. ఈసారి అత్త నీళ్లలో దిగలేదు, ఒడ్డున కూర్చుని సీసాలో నీళ్లు పట్టించుకుంది. గోదావరి చూడాలనుకున్నాము గానీ నేనే వద్దని వెనక్కి తిప్పాను. కోపం వచ్చింది ఆమెకు, చీరాల దాకా మాట్లాడలేదు.

ఆ సీసా ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది. మొన్న మోకాళ్లకు ఆముదం రాస్తుంటే "అంతర్వేదికి ఏ బస్సు పోతుందే?" అని అడిగింది. రాజోలు మీదుగా అని చెప్పాను. ఈసారి మాత్రలు తన కొంగుకే కట్టుకుంటుందట.