నేపాల్ సరస్సులు ఎంత లోతు? అసలు ప్రమాదం లోతులో లేదు!

నేపాల్ అనగానే ఎవరెస్ట్ ఎత్తే గుర్తొస్తుంది. కానీ ఆ కొండల మధ్య ఉన్న సరస్సుల లోతు కూడా తక్కువేం కాదు. వాటిలో ఏది ఎంత లోతు? లోతు ఎక్కువైతే ముప్పు కూడా ఎక్కువేనా? ఓసారి చూద్దాం.

రారా.. నంబర్ వన్

ముగు జిల్లాలోని రారా నేపాల్‌లోకెల్లా పెద్ద సరస్సు. గరిష్ఠ లోతు 167 మీటర్లు. అంటే 50 అంతస్తుల భవనాన్ని నిలబెట్టినా మునిగిపోతుంది.

డోల్పా జిల్లాలోని ఫోక్సుండో లోతు 145 మీటర్లు. వేల ఏళ్ల కిందట కొండ విరిగిపడి నది దారి మూసుకుపోవడంతో ఇది పుట్టింది.

ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లకు బాగా తెలిసిన తిలిచో 4,919 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లోతు మాత్రం 85 మీటర్లే, అంటే రారాలో దాదాపు సగం. ఇక టూరిస్టులు పడవల్లో తిరిగే పోఖరాలోని ఫేవా సరస్సు లోతు 24 మీటర్లకు మించదు.

ఎలా కొలుస్తారు?

పడవకు బిగించిన సోనార్ పరికరం నీళ్లలోకి శబ్దాన్ని పంపుతుంది. అది అడుగుకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్కేస్తారు. రారాలో అత్యంత లోతైన చోట కూడా ఈ రానూపోనూ ప్రయాణానికి పట్టేది సెకనులో పావు వంతే!

భయమంతా గట్టుతోనే

ఎవరెస్ట్ ప్రాంతంలోని ఇమ్జా కథ వేరు. 1950ల్లో అక్కడ ఉన్నవి చిన్న చిన్న నీటి గుంటలే. హిమానీనదం కరిగేకొద్దీ అవన్నీ కలిసి సరస్సైంది. ఇప్పుడు లోతు 150 మీటర్ల దాకా ఉంది. అంటే వేల ఏళ్ల నాటి ఫోక్సుండోతో ఇంచుమించు సమానం. కానీ ఇమ్జా నీటిని ఆపుతున్నది హిమానీనదం వదిలేసిన రాళ్లు, మట్టి, లోపల ఇరుక్కున్న మంచు. ఆ మంచు కరిగితే గట్టు బలహీనపడుతుంది. అందుకే 2016లో కాలువ తవ్వి, గేట్లు పెట్టి నీటి మట్టాన్ని 3 మీటర్లకు పైగా తగ్గించారు.

అలాగని లోతు తక్కువైతే భయం లేదనుకుంటే పొరపాటే. 2024 ఆగస్టు 16న ఎవరెస్ట్ ప్రాంతంలోని థామే గ్రామాన్ని వరద ముంచెత్తింది. పైన ఉన్న ఓ చిన్న హిమ సరస్సు తెగడమే కారణం. ఇళ్లతో పాటు స్కూలు, ఆరోగ్య కేంద్రం దెబ్బతిన్నాయి. ప్రజలు సురక్షిత ప్రాంతాలకు వెళ్లడంతో ప్రాణనష్టం తప్పింది. టెన్జింగ్ నార్గే పెరిగిన ఊరు ఇదే.

సో.. సరస్సు ఎంత లోతుందన్నది ఒక లెక్క మాత్రమే. ఆ నీటిని ఆపుతున్న గట్టు ఎంత గట్టిదన్నదే దిగువ గ్రామాలకు అసలు ప్రశ్న.