గ్రుడ్లు పెట్టు కోళ్ల మేతలో భాస్వరము

గ్రుడ్ల పెంకు పలుచబడినచో మేతలో సున్నము చాలలేదని మన రైతులు వెంటనే గ్రహింతురు. గుల్లపొడియో, సున్నపురాతి పలుకులో కలుపుదురు. అది సరియైన పనియే. పెంకు 5, 6 గ్రాముల బరువుండును; అందులో సుమారు 2 గ్రాములు కాల్షియము. కాని దానితో జంటగా కావలసిన భాస్వరమునుగూర్చి పల్లెలలో అంతగా చెప్పుకొనుట లేదు. ఇది కోళ్లు పెంచువారికే గాక ఊరి చెరువునకును సంబంధించిన విషయము. కావున పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనవలెనని మా అభిప్రాయము.

పెంకులో ఎక్కువ భాగము రాత్రివేళ తయారగును. అప్పుడు కోడి మేత తినదు. కడుపులోని సున్నము చాలనిచో తన ఎముకలనుండి కాల్షియమును తీసి పెంకునకిచ్చును. ఎముకలో కాల్షియము, భాస్వరము కలిసియుండును; ఒకటి కరగినచో రెండవదియు కరగి రెట్టతో పోవును. ఎముక తిరిగి నిండవలెనన్న రెండును మేతలో దొరకవలెను. భాస్వరము చాలకాలము లోపించినచో ఎముకలు బలహీనపడి పంజరములోని కోడి కాళ్లపై నిలువలేక చతికిలబడును. అట్టి సమయమున అంటురోగమని తలచి మందులకు పరుగెత్తుటకు ముందు మేతను కూడ పరీక్షింపవలెను. అట్లని భాస్వరమును మితిమీరి పెట్టినను పెంకు చెడును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. మొక్కజొన్న, నూకలు, సోయాపిండి, తవుడు వీనియందు భాస్వరమునకు కొదువ లేదు. తవుడులో మరీ సమృద్ధి. కాని గింజలలోని భాస్వరములో సుమారు మూడింట రెండువంతులు ఫైటేటు అను రూపమున బిగిసియుండును. మొలకెత్తునాటికై విత్తనము దాచుకొనిన నిల్వ అది. తాళము వేసిన పెట్టె వంటిది. ఆవుల, గేదెల పొట్టలోని సూక్ష్మజీవులు ఆ తాళము తీయగలవు. కోడికి ఆ శక్తి బహు స్వల్పము. పైగా ఫైటేటు కొంత కాల్షియమును, జింకును కూడ పట్టుకొని పోవును. ఈ లోటు తీర్చుటకే డైకాల్షియం ఫాస్ఫేటు కొని కలుపుచున్నారు. దానికి మూలమైన ఫాస్ఫేటు శిలలో అధికభాగమును మన దేశము విదేశములనుండి తెచ్చుకొనుచున్నది.

ఆ పెట్టెకు తాళపుచెవి ఫైటేజు అను ఎంజైము. 1907లో జపాను శాస్త్రజ్ఞులు దీనిని తవుడులోనే కనుగొనిరి. శిలీంధ్రము సాయమున తయారైన ఫైటేజు 1991లో నెదర్లాండ్సులో అమ్మకమునకు వచ్చెను. ఆ దేశములో పశువుల, కోళ్ల ఎరువు పొలములకు మించిపోయి నీరు చెడుచుండెను. నేడు మన దేశములోను ఇది దొరకుచున్నది.

కిలో మేతకు 300 నుండి 600 యూనిట్ల వరకు వాడుదురు. పొడి చిటికెడే గనుక ముందు కొద్ది పిండిలో కలిపి, పిదప మొత్తము మేతలో కలుపవలెను. 300 యూనిట్లు ఇంచుమించు 0.1 శాతము భాస్వరమునకు సాటి. అనగా టన్ను మేతకు 5, 6 కిలోల డైకాల్షియం ఫాస్ఫేటు తగ్గించవచ్చును. దానిని తగ్గింపక ఎంజైమును కూడ వేసినచో ఖర్చు రెట్టింపేగాని ఫలము లేదు. ఎంత తగ్గింపవలెనో పశువైద్యుని అడిగి నిర్ణయించుట మంచిది. గుళికల యంత్రపు వేడికి కొన్ని రకముల ఫైటేజు నశించును; పిండిమేతలో ఆ భయము లేదు. పురుగు పుట్ర ఏరుకొని తిను పెరటి పెట్టలకు ఇదంతయు అక్కరలేదు.

ఇక చెరువు మాట. 10,000 కోళ్ల ఫారమును తీసికొందము. కోడి రోజునకు 110 గ్రాముల మేత తినును. అందులో 0.6 శాతము భాస్వరమున్నచో 660 మిల్లీగ్రాములగును. గ్రుడ్డుతో పోవునది 100, 120 మిల్లీగ్రాములే. మిగిలినదంతయు రెట్టలోనికే. ఫారమంతటికి రోజునకు 5 కిలోల పైమాట! వానకు కొట్టుకొనివచ్చి చెరువులో కలిసినచో పాచి, గుర్రపుడెక్క విపరీతముగ పెరుగును; తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును. కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులలో కోళ్లయెరువును కావలెననియే వేయుదురు. అది కొలత తెలిసి వేయుట. త్రాగునీటి చెరువు సంగతి వేరు. పైన చెప్పిన 0.1 శాతము తగ్గించినచో ఈ ఫారమునుండి ఏడాదికి సుమారు 400 కిలోల భాస్వరము తగ్గును.

ఫారము యజమానులతో మాటలాడునప్పుడు మేతలో ఫైటేజు వాడుచున్నారా, ఫాస్ఫేటు తగ్గించినారా అని సభ్యులు అడుగవచ్చును. ఎరువు కుప్పలను వాగులకు, చెరువు గట్లకు దూరముగ, వాన తడుపని చోట ఉంచునట్లు చూడవలెను. పొలములో చల్లువారు ముందుగా మట్టి పరీక్ష చేయించుకొనినచో భాస్వరము ఇదివరకే చాలినంత ఉన్నదో లేదో తేలును.